ముప్పు రుజువు కాలేదు

ఎలక్షన్ డేటు వచ్చిన మూడో దినం
మా ఠాణా వరండాల, బెంచీ మీద
తుపాకులు వరసగ కూసున్నయి
దవాఖాన్ల చీటీ కోసం కూసున్న ముసలోళ్ల లెక్క.

నేను రైటర్‌ను. పేరు రాస్త, నంబరు రాస్త,
మడమకు అట్టముక్క కడత, రసీదు చింపిస్త.
ఓట్లయినంక తీస్కపోండ్రి అంట.

ముందుగల్ల ముర్తుజా సాబ్ జంటగొట్టాల తుపాకి.
తాతది. తాత పులిని కొట్టిండంట.
సాబ్ ఎన్నడూ పావురాన్ని గూడ కొట్టలే,
జుమ్మా జుమ్మాకు కొబ్బరినూనె పెడతడు.
"జర జాగ్రత్త బేటీ" అన్నడు
బిడ్డను హాస్టల్ల దించిపోతున్నట్టు.

ఎనకనే ప్లాట్ల దందా జంగారెడ్డి.
ఆయన పిస్తోలు కన్న దాని సంచి ఖరీదు.

ఆడనే లేచింది పంచాయితీ.
వకీలు అనంతశయనం గారు అన్నరు:
"తెల్లవాడు మన చేతుల్లోంచి లాక్కున్నాడమ్మా.
వాడు పోయాడు, వాడి అనుమానం పోలేదు.
అమెరికాలో అది హక్కు, రాజ్యాంగంలోనే రాసుకున్నారు.
మనకేమో దరఖాస్తు, విచారణ, దొరగారి దయ."

బ్యాంకు గేటు పోశెట్టి నవ్విండు.
"ఇరవై రెండేండ్లాయె సార్ ఇది మోయబట్టి.
ఒక్క దొంగ జడవలే దీనికి.
జడిసేది పింఛన్‌కు వచ్చే అవ్వలే."

నేను ఊకోలేకపోయిన.
"మన హక్కుల కాడ గూడ ఆయుధం మాట ఉంది సార్,
కానిస్టేబుల్ పరీక్షకు బట్టీ పట్టిన:
శాంతంగ, ఆయుధాలు లేకుండ
గుమిగూడే హక్కు.
ఆ 'లేకుండ' మీదనే కూసున్నం మనందరం."

"బాగుంది" అన్నరు వకీలు సాబ్.
"ఆ గుంపు మీదికి వచ్చేవాడు
ఏ అధికరణం చదివొస్తాడు?"

చెప్పాలనుకున్న.
చాంద్రాయణగుట్ట బారాత్, మర్ఫా మోత,
ఎవరికో సంబురం పట్టక మొగులు మీదికి పేల్చిండు.
మొగులు దాసుకుంటదా, తిరిగిచ్చింది.
మూడో అంతస్తుల బట్టలు తీస్తున్న పిల్ల.
పంచనామా నేనే రాసిన:
కుడిచేతిల రెండు క్లిప్పులు, ఒకటి పచ్చది.
పేల్చిన తుపాకికి లైసెన్సు ఉండె.
కాగితాలన్ని సక్కగనే ఉండె.

నోరు తెరిచేలోపల
కేతావత్ చాందిని వచ్చింది,
బండ్లగూడ పెట్రోల్ బంకుల రాత్రి డ్యూటీ ఆమెది.
చేతిల తుపాకి లేదు. మడతల కాగితం ఉంది.

"మూడు మార్లు ఫిర్యాదిచ్చిన మేడం.
రాత్రి రెండింటికి అదే బండి వస్తది,
పెట్రోలు పోపియ్యడు, పోడు.
మూడు మార్లు మీ జీపు తెల్లారినంక వచ్చింది.
గందుకే లైసెన్సుకు పెట్టుకున్న.
గిదేం రాసిండ్రో జర చదువుండ్రి."

చదివిన.
'ముప్పు రుజువు కాలేదు.'
చేతిరాత నాదే.
'ము' కొమ్మును పొడుగ్గ గుంజుడు
బడిల సంది నాకు అలవాటు.

"ఎట్ల రుజువు గావాలె?" అడిగింది.
లొల్లి గాదు, నిజంగనే అడిగింది,
ఫలానా బస్సు యాడ ఆగుతదని అడిగినట్టు.

వకీలు సాబ్ నా దిక్కు చూసిండు.
గెలిచినోని చూపు గాదది.

తుపాకి ఇద్దామంటే
పచ్చ క్లిప్పు కండ్లల్ల మెదులుతుంది.
ఇయ్యొద్దంటే రాత్రి రెండింటికి
ఆ బంకు కాడ నేనుండాలె.
గదే కద మనం చేసుకున్న ఒప్పందం,
చేతిలది నువ్వు దించు, నీ రాత్రి మేం కాస్తం అని.
దించుకునుడు మాత్రం మంచిగ నేర్చినం.
రసీదు గూడ ఇస్తున్నం.

బుక్కుల నుంచి ఖాళీ రసీదు చింపి
ఎనక నా సొంత నంబరు రాసిచ్చిన.
అది ఏ చట్టంల లేదు.
చాందిని చూసింది, రెండు మడతలేసింది.
"మీరు నిద్రపోతే?" అన్నది.

పొద్దుమీకి ఇరవై ఆరు తుపాకులు లెక్కవెట్టి
గదికి తాళమేసిన.
చేతులకు కొబ్బరినూనె వాసన.
ఇంటికి పోయి
ఫోను సప్పుడు పెద్దగ పెట్టుకున్న.